జుల్ఫా వర్తకుల పద్దుల వెంట: ఇస్ఫహాన్ ప్రయాణం

చెన్నైలో నా ఆఫీసు పారిస్ కార్నర్ దగ్గర. పక్కనే అర్మీనియన్ స్ట్రీట్. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆ వీధిలో 1772లో కట్టిన అర్మీనియన్ చర్చిలోకి వెళ్ళి కాసేపు నీడలో కూర్చోవడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. నేల మీద పరిచిన సమాధి రాళ్ళు, వాటి మీద నాకు చదవరాని లిపి. వీళ్ళెవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు, మద్రాసులో వాళ్ళకేం పని అని వెతుక్కుంటూ పోతే చాలామంది ఆనవాళ్ళు ఒకే పేటకు చేరాయి: ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నగరం పక్కనున్న కొత్త జుల్ఫా, అర్మీనియన్ వర్తకుల పేట. 2024 ఫిబ్రవరిలో ఇరాన్ మన పాస్‌పోర్టులకు వీసా తీసేసిందని తెలియగానే (ఆ వెసులుబాటు 2025 నవంబరులో ఆగిపోయింది) బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన బ్యాంకులో మేనేజరుగా రిటైరయ్యి బందరులో ఉంటున్నాడు. "ఏరా, వర్తకుల ఊరంటున్నావ్, నేను రాకపోతే ఎలా" అన్నాడు.

మొదటి రోజు

ముంబై నుంచి టెహ్రాన్, అక్కణ్ణుంచి బస్సులో ఇస్ఫహాన్, దాదాపు ఆరు గంటలు. దారంతా ఎండిన కొండలు, మధ్యమధ్యలో పిస్తా తోటలు. కానీ ఆ రోజంతా మా ఇద్దరి బుర్రలోనూ ఉన్నది డబ్బు టెన్షనే. ఇరాన్‌లో మన కార్డులు పనిచేయవు, ఏటీఎంలు మనకు లేనట్టే. ఎన్ని రోజులుంటామో లెక్కేసుకుని మొత్తం డాలర్లు నడుముకు కట్టుకుని వెళ్ళాలి. వంద డాలర్లు ఇస్తే యాభై లక్షల తుమాన్ల పైనే వచ్చాయి. నోట్ల మీద రియాళ్ళని ఉంటుంది, జనం తుమాన్లలో మాట్లాడతారు, పది రియాళ్ళొక తుమాన్. టీ తాగినా ఒక సున్నా తీసేసి లెక్క వేసుకోవాలి. బాబాయ్ చిన్న నోట్‌బుక్ తీసి ప్రతి ఖర్చూ రాయడం మొదలుపెట్టాడు.

బస్సులో కూర్చుని ఆలోచిస్తుంటే నాకు ఒకటే తట్టింది. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇదే ఊరినుంచి ఒక వర్తకుడు సూరత్‌కో మద్రాసుకో ఆమ్‌స్టర్‌డామ్‌కో బయలుదేరితే, ఇంత సొమ్ము ఎలా మోసుకెళ్ళాడు? దారిలో దోచుకుంటే ఎవరు ఇస్తారు? పరాయి ఊళ్ళో ఎవరి మాట నమ్మాలి? నేను వచ్చింది ఈ ప్రశ్నల కోసమే.

రెండో రోజు

పొద్దున్నే నడిచి సీ-ఓ-సె పుల్ దగ్గరికి వెళ్ళాం. ముప్పై మూడు కమానుల వంతెన, దాదాపు మూడు వందల మీటర్ల పొడవు. 1600 ప్రాంతంలో అప్పటి ఇరాన్ రాజు షా అబ్బాస్ సేనాని అల్లావర్దీ ఖాన్ ఆధ్వర్యంలో కట్టారు. కింద జాయందే రూద్ నదిలో చుక్క నీళ్ళు లేవు. పగుళ్ళిచ్చిన మట్టి, అందులో పిల్లలు బంతాట. పేరుకు అర్థం జీవమిచ్చే నది అని. పైన రాతి వంతెన అంత అందంగా ఉంటే కింద అలా ఎండిపోయి ఉండటం చూసి గుండె బరువెక్కింది. వంతెనకు ఉత్తరాన షా కట్టిన రాజవీధి చహార్‌బాగ్, దక్షిణాన జుల్ఫా. దర్బారునూ బజారునూ అతికించిన వంతెన ఇది.

జుల్ఫా వాళ్ళు ఇక్కడికి కోరి రాలేదు. అసలు జుల్ఫా ఉత్తరాన ఆరస్ నది ఒడ్డున ఉండేది, ఇప్పుడది అజర్‌బైజాన్‌లోని నఖిచెవాన్‌లో ఉంది. 1604లో ఆటోమన్ తుర్కులతో యుద్ధంలో షా అబ్బాస్ వెనక్కి తగ్గుతూ శత్రువుకు ఏమీ మిగలకూడదని ఊళ్ళన్నీ ఖాళీ చేయించి తగలబెట్టించాడు. ఆరస్ దాటేటప్పుడే ఎందరో మునిగిపోయారు. కానీ జుల్ఫా పట్టువర్తకుల విషయంలో షా లెక్క వేరు. వాళ్ళ చేతిలో ఇరాన్ పట్టును సిరియాలోని అలెప్పో దాకా, అక్కణ్ణుంచి వెనిస్ దాకా అమ్మే దారి ఉంది. అందుకని తన రాజధాని పక్కనే స్థలమిచ్చి, తమలోంచే ఒక కలంతర్‌ను, అంటే ఊరిపెద్దను పెట్టుకోనిచ్చి, చర్చిలు కట్టుకోనిచ్చాడు. 1619లో పట్టు ఎగుమతిని ఖజానా గుత్తాధిపత్యం చేశాక ఆ పట్టును బయటి దేశాలకు చేర్చి వెండి తెచ్చే పని ఎక్కువగా వీళ్ళ చేతికే వచ్చింది. ఆ వెండిలో పెద్ద వాటా మళ్ళీ హిందూదేశానికే వచ్చేది, మన బట్టల కోసం, నీలిమందు కోసం. ఊరు తగలబెట్టినవాడే వీధి ఇచ్చాడు. ఈ రెండూ కలిపి తలుచుకోకుండా జుల్ఫా సంపద గురించి మాట్లాడటం నాకు న్యాయంగా అనిపించదు.

మధ్యాహ్నం వాంక్ చర్చి. బయట నుంచి చూస్తే మసీదు గుమ్మటంలా ఉండే ఇటుక గోపురం, లోపలికి అడుగుపెడితే నేల దగ్గర పలకల నుంచి పైకప్పు దాకా బంగారం, నీలం. ఒక గోడ నిండా తీర్పు రోజు బొమ్మ, కింద నరకంలో కాలుతున్న మనుషులు. బాబాయ్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. "డబ్బున్నవాళ్ళు కట్టిన గుడిలో నరకం ఇంత పెద్దగా వేయించుకున్నారంటే భయం ఉన్నవాళ్ళేరా" అన్నాడు. పాత కట్టడం పడగొట్టి ఇది పూర్తి చేసింది 1650ల నుంచి 1660ల మధ్య, అంతా వర్తకుల డబ్బుతోనే.

మూడో రోజు

ఈ రోజంతా వాంక్ ఆవరణలోని మ్యూజియంలోనే. రాతప్రతులు, షాల ఫర్మానాలు, ఒక పాత అచ్చుయంత్రం. 1638లో ఖచతూర్ కెసరాత్సీ అనే మతగురువు ఇక్కడే కీర్తనల పుస్తకం అచ్చు వేయించాడు, ఇరాన్‌లో మొదటి అచ్చు పుస్తకం అదే. యంత్రం, కాగితం, సిరా అన్నీ సొంతంగా తయారు చేసుకున్నారట. వర్తకుల పేటలో అచ్చు మొదలవ్వడం నాకు వింతగా తోచలేదు. రాత లేకపోతే వీళ్ళ వ్యాపారమే లేదు.

ఆ వ్యాపారం ఎలా నడిచిందో ఒక్క మనిషి పుస్తకం పట్టుకుంటే అర్థమవుతుంది. పేరు హోవన్నెస్, జుల్ఫా యువకుడు. 1682 డిసెంబరులో ఇస్ఫహాన్‌లో ఇద్దరు అన్నదమ్ములు, పెద్ద వర్తకుడు ఖోజా గెరాక్ కొడుకులు, ఇతనికి 250 తుమాన్ల పెట్టుబడి ఇచ్చారు. ఇప్పుడు 250 తుమాన్లకు అగ్గిపెట్టె కూడా రాదు, అప్పట్లో పెద్ద మొత్తం. ఒప్పందం ఏమిటంటే సొమ్ము వాళ్ళది, శ్రమ ఇతనిది, లాభంలో మూడు వంతులు వాళ్ళకు, ఒక వంతు ఇతనికి. అర్మీనియన్‌లో ఇలాంటి ఏజెంటును ఎన్‌కెర్ అంటారు, తోడు అని ఆ మాటకు అర్థం. హోవన్నెస్ షీరాజ్ వెళ్ళి, బందర్ అబ్బాస్‌లో ఓడెక్కి సూరత్ చేరి, ఆగ్రా పక్కకు పోయి ఖుర్జాలో నీలిమందు కొని, ఆ తర్వాత పట్నా, కాఠ్మండు మీదుగా లాసా దాకా వెళ్ళాడు. లాసాలో ఐదేళ్ళున్నాడు. కస్తూరి, బంగారం కొన్నాడు. అక్కడ కూడా తన ఊరివాళ్ళు కొందరున్నారు. 1693 చివరికి హుగ్లీ వైపు చేరేదాకా రాసుకున్న లెక్కల పుస్తకం ఇవాళ లిస్బన్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. జుల్ఫాలో రాయడం మొదలై, టిబెట్ తిరిగి, పోర్చుగల్‌లో తేలిన చిట్టా అది.

చిట్టా అన్న మాట ఊరికే వాడలేదు. మా తాతయ్య బందరులో ధాన్యం కమీషన్ కొట్లో గుమాస్తా. పగలు చిట్టాలో రాసింది రాత్రి లాంతరు కింద ఆవర్జాలోకి, అంటే ఖాతాల పెద్ద పుస్తకంలోకి ఎక్కించేవాడు. ఒక్క పద్దు తేడా వచ్చినా నిద్రపోయేవాడు కాదు. హోవన్నెస్ పుస్తకంలో కూడా కొన్న సరుకు, అమ్మిన సరుకు, సుంకం, దళారీ రుసుం, కూలి, దారి ఖర్చు, హుండీ మీద (అంటే వేరే ఊళ్ళో సొమ్ము చెల్లించమని రాసిచ్చే చీటీ మీద) పంపిన సొమ్ము, అన్నీ పద్దులే. ఊరూరికీ తూకం మారుతుంది, నాణెం మారుతుంది. వాటన్నిటినీ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చి లెక్క తేల్చాలి. ఎందుకంటే ఏ పదేళ్ళకో ఊరికి తిరిగొచ్చాక యజమాని ముందు పెట్టాల్సింది ఈ పుస్తకమే.

మ్యూజియం బయట బెంచీ మీద కూర్చుని ఇదంతా చెబుతుంటే బాబాయ్ మధ్యలో ఆపాడు.

"సరేరా, తనఖా ఏం పెట్టాడు?"

"ఏమీ పెట్టలేదు బాబాయ్."

"మరి పూచీ ఎవరు?"

"వాళ్ళ ఇంటివాళ్ళు. అతను అక్కడ మోసం చేస్తే ఇక్కడ అమ్మానాన్నలు, అన్నదమ్ములు జవాబు చెప్పుకోవాలి. ఆ పేరు చెడిపోతే ఇంకెవరూ ఆ ఇంట్లో ఎవరికీ పెట్టుబడి ఇవ్వరు."

బాబాయ్ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, తన సర్వీసులో కాగితాలన్నీ సవ్యంగా ఉండి మునిగిపోయిన అప్పుల గురించి, ఏ కాగితమూ లేకుండా ఠంచనుగా తిరిగొచ్చిన వాటి గురించి చెప్పాడు. "తనఖా అనేది మనిషి తెలియనప్పుడు అడిగేది" అన్నాడు.

నేను ఇంత దూరం వచ్చి చెప్పాలనుకున్నది ఇదే. ఒకప్పుడు యూరప్ చరిత్రకారులు కొందరు హోవన్నెస్ లాంటివాళ్ళను మూట నెత్తిన పెట్టుకుని తిరిగే చిల్లర వర్తకులుగా తీసిపారేశారు. డచ్చి, ఇంగ్లీషు కంపెనీలదే ఆధునిక ఆలోచన అన్నారు. నేను ఒప్పుకోను. ఆర్థిక సిద్ధాంతం అంటే గ్రంథం రాస్తేనే కాదు. నమ్మకాన్ని ఎలా తయారుచేయాలి, దాన్ని ఎలా కాపాడాలి, తప్పు చేసినవాడి సంగతి వెయ్యి మైళ్ళ అవతల కూడా ఎలా తెలియాలి అని కూర్చుని ఆలోచించి కట్టిన వ్యవస్థ ఇది. కలంతర్, పేటల పెద్దలు కలిసి వర్తకుల సభగా కూర్చుని తగాదాలు తీర్చేవారు. 1680ల్లో కొస్తాంద్ అనే పంతులు ఇదే జుల్ఫాలో వర్తకుల పిల్లలకు బడి నడిపి, ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, ఏ తూకం, ఏ నాణెం అని పాఠ్యపుస్తకం రాశాడు. 1699లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఘుకాస్ వనందేత్సీ ప్రపంచంలోని కొలతలు, తూకాలు, నాణేల మీద పుస్తకమే అచ్చు వేశాడు. పద్నాలుగేళ్ళ కుర్రాడికి బందర్ అబ్బాస్ మణుగుకూ సూరత్ మణుగుకూ తేడా నేర్పించిన ఊరిని చిల్లర ఊరు అనడం నాకు బాధ కలిగిస్తుంది.

నాలుగో రోజు

నక్ష్-ఎ-జహాన్ మైదానం, దాని ఉత్తరాన కైసరియా బజారు. ఇస్ఫహాన్ వచ్చేవాళ్ళంతా చూసేదే కాబట్టి మసీదుల గురించి రాయను. నన్ను ఆపింది ఒక చప్పుడు. ధబ్ ధబ్ ధబ్. బందరు పక్కన పెడన వీధుల్లో పెరిగినవాళ్ళకు ఆ చప్పుడు నిద్రలో వినిపించినా తెలుస్తుంది. బట్ట మీద చెక్క అచ్చు పెట్టి పిడికిలితో గుద్దే చప్పుడు.

కొట్లో ఒక పెద్దాయన పరుపులా మడిచిన బట్ట పరుచుకుని, అరచేతికి గుడ్డ చుట్టుకుని, పియర్ చెక్కతో చేసిన అచ్చును రంగులో ముంచి పెట్టి గుద్దుతున్నాడు. ముందు నల్ల గీత, ఆ గీతలోకి ఎరుపు, తర్వాత నీలం. అచ్చు అంచు పాత అచ్చు అంచుకు వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. ఆయన కళ్ళతో చూడటం లేదు, వేలితో అంచు తడిమి పెడుతున్నాడు. దీన్ని వాళ్ళు కలంకార్ అంటారు. మాది కలంకారీ. మా దగ్గర టేకు అచ్చు, కరక్కాయ నీళ్ళు, కాలవలో ఉతుకుడు. ఫోన్‌లో పెడన ఫోటోలు చూపిస్తే ఆయన లేచి నిలబడి, కొడుకును కేకేసి పిలిచి, మాకు టీ తెప్పించాడు. మాట పెద్దగా అర్థం కాకపోయినా అచ్చులు చూపించుకుంటూ గంటసేపు గడిపాం.

గోల్కొండ రాజ్యానికి రేవు మచిలీపట్నం. దాన్ని మనం బందరు అన్నది ఈ పారశీక మాటతోనే, రేవు అని అర్థం. కోరమాండల్ అద్దకం బట్టలకు ఇరాన్‌లో గొప్ప గిరాకీ ఉండేది. ఆ బట్టలు తెచ్చి అమ్మినవాళ్ళలో జుల్ఫా వాళ్ళూ ఉన్నారు. బట్టలే కాదు, వజ్రాలు కూడా. 1660లో జుల్ఫా వర్తకులు రష్యా జార్ అలెక్సీకి వజ్రాలు పొదిగిన సింహాసనం కానుకగా తీసుకెళ్ళారు. అది మాస్కో క్రెమ్లిన్‌లో ఇంకా ఉంది. ఆ కాలంలో ప్రపంచానికి వజ్రాలు ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేవి, పేరున్న గనులు కృష్ణ ఒడ్డునే. ఆ కానుక వృథా పోలేదు, 1667లో రష్యా గుండా పట్టు అమ్ముకునే ఒప్పందం చేతికొచ్చింది.

మా అమ్మకోసం ఒక పెద్ద దుప్పటి ఎంచుకున్నాను. తీరా చూస్తే చేతిలో తుమాన్లు చాల్లేదు, డాలర్లు మార్చే కొట్టు సాయంత్రం గాని తెరవరు. తర్వాత వస్తానని చెప్పి దుప్పటి పక్కన పెట్టాను. పెద్దాయన ఒప్పుకోలేదు. దాన్ని కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టి, గళ్ళ పుస్తకం తెరిచి, కుడి నుంచి ఎడమకు నా పేరు రాసి, పక్కన మొత్తం రాసి, దాని కింద ఒక గీత గీశాడు. హోటల్ పేరు కూడా అడగలేదు. సాయంత్రం వెళ్ళి డబ్బు ఇస్తే అదే పద్దు మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు. బాబాయ్ ఆ గీతకు ఫోటో తీసుకున్నాడు.

ఐదో రోజు

జుల్ఫా సందులు. మట్టి రంగు గోడలు, కాఫీ కొట్లు, 1628 నాటి బెత్లెహెం చర్చి. మధ్యాహ్నం సోఫె కొండ కింద ఉన్న అర్మీనియన్ శ్మశానం. పొడుగాటి బండరాళ్ళు వరసలుగా. గాలి తప్ప శబ్దం లేదు.

ఇంత గట్టి వ్యవస్థ ఎందుకు పోయిందని దారంతా మాట్లాడుకున్నాం. ఒక కారణం స్పష్టం. 1740ల్లో ఇరాన్‌ను ఏలిన నాదిర్ షా తన యుద్ధాల ఖర్చుకు జుల్ఫాను పిండేశాడు. కట్టలేనివాళ్ళను కొట్టించాడు, కొందరిని చంపించాడు. 1747లో అతను హత్యకు గురయ్యేసరికే ఊరు చాలావరకు చెదిరిపోయింది. నమ్మకం అంతా ఒక్క ఊళ్ళో పాతుకుని ఉన్నప్పుడు ఆ ఊరు కూలితే కొమ్మలన్నీ ఎండుతాయి. రెండో కారణం వాళ్ళలోనే ఉంది. జుల్ఫా వాడు జుల్ఫా వాడికే పెట్టుబడి అప్పగించేవాడు. ఊరివాడు కానివాణ్ణి అదుపు చేసే మార్గం వాళ్ళ దగ్గర లేదు. అదే సమయంలో ఇటలీ లివోర్నో యూదు వర్తకులు పరాయివాళ్ళకు కూడా కమీషన్ మీద పని అప్పగించేవారు, ఇంగ్లీషు కంపెనీ ముక్కూమొహం తెలియనివాళ్ళ వాటాలతో నడిచేది. బలం ఎక్కడుందో పరిమితీ అక్కడే ఉంది. "మన ఊళ్ళో చిట్టీలు కూడా ఇంతే కదరా, పక్క వీధి దాటితే పాడేవాడు ఎవరో తెలియదు" అన్నాడు బాబాయ్. నిజమే.

అయితే ఆ నమ్మకం ఎలా ఊపిరి పీల్చుకుందో ఒక ఓడ వల్ల తెలిసింది. 1748లో సాంతా కాతరీనా అనే ఓడ బెంగాల్ నుంచి బస్రా పోతుంటే బ్రిటిష్ నౌకాదళం పట్టుకుంది. అందులో అర్మీనియన్ల సరుకుతో పాటు దాదాపు 1,700 ఉత్తరాలు దొరికాయి. ఇవాళ అవి లండన్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎక్కువగా జుల్ఫా యాసలో రాసినవి, వేరే అర్మీనియన్లకే సరిగ్గా కొరుకుడు పడని యాస. ధరలు, ఓడల రాకపోకలు, ఎవరు సరిగ్గా లెక్క చెప్పారు, ఎవరు ఎగ్గొట్టారు అన్న కబుర్లు, వాటి పక్కనే ఇంటి క్షేమ సమాచారాలు. ఎన్నో ఇళ్ళల్లో ఎదురుచూసిన ఆ ఉత్తరాలు చేరనే లేదు. ఆ సమాధుల మధ్య నిలబడి ఆ మాట తలుచుకుంటే కళ్ళు చెమర్చాయి.

ఆరో రోజు, తర్వాత ఆదివారం

ఆరో రోజు బస్సు, విమానం, అంతే. బాబాయ్ నోట్‌బుక్‌లో చివరి పద్దు కలిసింది, నిల్వ సరిపోయింది.

ఆదివారం మళ్ళీ అర్మీనియన్ స్ట్రీట్. ఈసారి రాళ్ళ మీద లిపి చదవలేకపోయినా వాళ్ళు పరాయివాళ్ళుగా అనిపించలేదు. వీళ్ళు ఈ తీరానికి రావడానికి ఒక కాగితం కూడా తోడ్పడింది. 1688 జూన్‌లో లండన్‌లో ఖోజా పానోస్ కలంతర్ అనే జుల్ఫా వర్తకుడు ఈస్టిండియా కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందం. కంపెనీ ఊళ్ళల్లో అర్మీనియన్లు ఇంగ్లీషువాళ్ళతో సమానంగా ఉండొచ్చు, నలభై మంది దాటితే కంపెనీయే చర్చి కట్టిస్తుంది అన్నది అందులో షరతు.

ఈ ఊళ్ళోనే 1772లో షహామీర్ షహామీరియన్ అనే వర్తకుడు అచ్చుకూటం పెట్టాడు. లేని దేశానికి, అంటే విముక్తి పొందబోయే అర్మీనియాకు, 521 అధికరణాలతో రాజ్యాంగం అచ్చు వేయించాడు. రాజు కాదు, చట్టం ఏలాలి. పాలించేవాళ్ళను జనం ఎన్నుకోవాలి. మగపిల్లలతో పాటు ఆడపిల్లలకూ చదువు. నాదిర్ షా చేతిలో తమ ఊరు ఏమైందో చూసిన తరం అది. ఇస్ఫహాన్‌లో యజమానీ ఏజెంటూ ఇద్దరూ కట్టుబడే ఒప్పందపత్రాన్నే ఆయన రాజు మెడకూ కట్టాలనుకున్నాడని నాకు అనిపిస్తుంది. ఇదే చర్చి ఆవరణలో హరుత్యున్ ష్మవోనియన్ సమాధి ఉంది. ప్రపంచంలో మొదటి అర్మీనియన్ పత్రిక అజ్దరార్‌ను 1794లో మద్రాసులోనే ఆయన తెచ్చాడు.

ఇంటికి వెళ్తూ సైదాపేట మీదుగా బస్సెక్కాను. అడయారు నది మీద 1726లో మొదటి వంతెన కట్టించింది ఖోజా పెత్రూస్ ఉస్కాన్ అనే జుల్ఫా వర్తకుడు, సొంత డబ్బు ముప్పై వేల వరహాలు పెట్టి. మర్మలాంగ్ వంతెన అనేవారు. కట్టి వదిలేయలేదు, ముందుముందు మరమ్మతుల కోసం ఇంకో 1,500 వరహాలు విడిగా నిధి పెట్టాడు. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసు పట్టుకున్నప్పుడు తమవైపు రమ్మంటే వెళ్ళలేదు, ఆస్తి పోగొట్టుకున్నాడు. 1751లో పోయాక శరీరాన్ని వేపేరిలో పాతిపెట్టి, ఆయన కోరిక ప్రకారం గుండెను జుల్ఫాకు పంపారు.

పాత వంతెన ఇప్పుడు లేదు, దాని స్థానంలో మరైమలై అడిగళ్ వంతెన ఉంది. సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే కింద అడయారులో నీళ్ళు నల్లగా, నెమ్మదిగా కదులుతున్నాయి. ఫోటో తీసి బాబాయ్‌కి పంపాను. వెంటనే జవాబొచ్చింది: "ఆ 1,500 వరహాలు వడ్డీకి ఎవరి దగ్గర పెట్టాడో కనుక్కోరా."